బియ్యం పక్కన మంచం

మే 28, బుధవారం

రేషన్ దుకాణంలో జూన్, జూలై, ఆగస్టు నెలల బియ్యం ఒకేసారి ఇస్తారట. వానాకాలంలో రవాణా చిక్కులు రాకుండా, గోదాముల్లో కొత్త ధాన్యానికి చోటు దొరికేలా తీసుకున్న నిర్ణయమిది. మా గోదాములో అందరికీ ఆ కారణం తెలుసు. ఊరికి మాత్రం అది సరిపోలేదు. టీవీలో కరోనా కేసులు మళ్ళీ పెరుగుతున్నాయంటున్నారు. ఇక్కడేమో మూడు నెలల బియ్యం చేతిలో పెడుతున్నారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్న వారందరికీ లాక్‌డౌన్ కనిపిస్తోంది.

మా పక్క వాటాలో కిరాయికి ఉండే హుస్నాబీ పొద్దున్నే వచ్చి గుమ్మంలో కూర్చుంది. "మూడు నెల్లయి ఊకెనే ఇస్తరా బేటీ? సర్కారుకు తెల్సు. మనకే చెప్తలేరు" అన్నది. నేను గోదాముల సంగతి, వానల సంగతి ఓపికగా వివరించాను. ఆమె అంతా విని, ఉత్తర్వు రాసినవాళ్ళు నాకు కూడా చెప్పి ఉండరని తేల్చింది. బాపు నా వైపు చూడలేదు. ఆమె మాటకే తలూపాడు.

పురుగుల శాస్త్రం చదివి, ధాన్యం గోదాములో నిపుణురాలిగా పనిచేస్తున్న నా మాటకు ఇంట్లో ఉన్న విలువ ఇది.

మే 30, శుక్రవారం

మధ్యాహ్నం ఆటోలో బియ్యం వచ్చాయి. కొండపాకలో ఎవరో రైతు దగ్గర పాత బియ్యమని చెప్పి బాపు బేరం చేశాడట. బస్తాలు దించుతుంటే పక్కనే నిలబడి, కుట్లు ఊడాయేమోనని ఒక్కొక్కదాన్నీ తడిమి చూసుకున్నాడు. వెనుక గది సగం నిండింది. హుస్నాబీ వాటాలో చోటు లేదని ఆమె మూడు నెలల బియ్యం కూడా అక్కడే పెట్టించాడు.

మా ఆయన భాను చేర్యాల కాలేజీలో పాఠాలు చెప్పి వచ్చి ఆ గదిలోకి తొంగిచూశాడు. "మామా, ఇంట్ల పెండ్లి ఉన్నదా? నాకు చెప్పనే లేదు" అన్నాడు.

"ఉండనీ అల్లుడా. బియ్యమేమన్న నిన్ను బువ్వడుగుతదా?" అన్నాడు బాపు.

భాను నవ్వాడు కాని, తర్వాత నాతో విడిగా మాట్లాడాడు. ఇంట్లో ఉండేది ముగ్గురమని గుర్తుచేశాడు. ఇది భయం కాదు, ముందు జాగ్రత్త అని నేనే సర్దిచెప్పాను. పెద్దవారి మనసు కుదుటపడటానికి కొన్ని బస్తాలు పెద్ద ఖర్చు కాదు.

దారిలోనే ఉంది కాబట్టి మందుల దుకాణంలో వేలికి పెట్టి ఆక్సిజన్ చూసుకునే పరికరం ఒకటి తీసుకున్నాను. పాతది ఎక్కడో పోయింది. మాస్కులు కూడా. కందిపప్పు, నూనె, ఉప్పు నెలవారీ సరుకుల కిందే లెక్క.

జూన్ 2, సోమవారం

సెలవు దినమైనా మమ్మల్ని పిలిచారు. ఒకవేళ ఆంక్షలు విధిస్తే ఆహార ధాన్యాల గోదాములు మూయరు. ముఖ్యమైన సిబ్బంది రోజూ రావాలి, అవసరమైతే అక్కడే బస చేయాలి. పురుగుల మందు పెట్టే బాధ్యత నాది కాబట్టి మొదట చదివిన పేర్లలో నాదీ ఉంది. నాకు అభ్యంతరం లేదు. ఊరు తినే బియ్యానికి ఎవరో ఒకరు కాపలా ఉండాలి.

బాపుకు రేపు చెప్తాను.

జూన్ 3, మంగళవారం

చెప్పలేదు. ఆయన మేడ మీద ఎండుమిర్చి ఆరబోస్తూ పాట పాడుకుంటున్నాడు. అమ్మ పోయాక ఆయన నోట పాట వినడం ఇదే మొదలు.

జూన్ 4, బుధవారం

బాపు తన నవారు మంచాన్ని వెనుక గదిలోకి మార్చుకున్నాడు. ఎలుకలు వస్తాయట. మా ఇంట్లో ఎలుకలు లేవు. నేను వాదించలేదు.

భాను ఊరుకోలేదు. హాల్లో కూలరుండగా ఆ ఉక్కలో పడుకోవడమేమిటని అడిగాడు. బాపు మంచం కోళ్ళు సరిచేసుకుంటూ, తనకు ఉక్క అలవాటేనన్నాడు. మహారాష్ట్రలోని భీవండిలో మరమగ్గాల సాంచాలు నడిచే చోట ఆయన నిద్రపోయిన గదులతో పోలిస్తే ఇది నిజమే. భీవండి పేరు వస్తే మా ఇంట్లో మాట అక్కడితో ఆగిపోతుంది.

రెండో విడత కరోనా వచ్చిన ఏడాది ఆయన అక్కడ చిక్కుకుపోయాడు. సడలింపు గంటల్లో అమ్మ రేషన్ దుకాణం వరుసలో నిలబడింది. ఆమె జ్వరం అక్కడినుంచే వచ్చిందని బాపు నమ్మకం. ఆయన ఇల్లు చేరేసరికి అన్నీ అయిపోయాయి. ఇంతకుమించి రాయను.

జూన్ 5, గురువారం

సాయంత్రం ఒక బస్తా మూతి విప్పి మోచేతి దాకా చేయి పెట్టాను. లోపల వెచ్చగా ఉంది. బియ్యం తమంతట తాము వెచ్చబడవు. గుంపుగా బతికేవేవో ఉంటేనే ఆ వేడి. తెల్లటి పళ్ళెంలో గుప్పెడు పోసి పరవగానే లక్కపురుగులు నడక మొదలుపెట్టాయి. పాత బియ్యం నిజంగానే పాతవి.

ఎండలో పోసి, జల్లించి, సగం ఎవరికైనా ఇచ్చేద్దామని చెప్పాను. బాపు ముఖం చూసి ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందనుకున్నాను. అన్నం దగ్గర ఆయన ఉన్నట్టుండి, మా గోదాములో ఇన్ని వేల బస్తాలకు పురుగు పట్టకుండా ఏం చేస్తామని అడిగాడు.

ఇన్నేళ్ళలో ఆయన నా పని గురించి అడగడం ఇదే. నేను కంచం పక్కకు జరిపి, గ్లాసులతో, గిన్నెలతో చూపిస్తూ చెప్పాను. ఒకదానిపై ఒకటి పేర్చిన బస్తాల మెట్టు మీద గాలి చొరబడని కవరు కప్పుతాం. అంచుల మీద పాముల్లాంటి ఇసుక సంచులు పేరుస్తాం. లోపల మందు గోళీలు పెడతాం. కొన్నాళ్ళకు కవరు తీసేసరికి ఒక్క పురుగు కదలదు. ఆయన మగ్గం నమూనా చూసేవాడిలా శ్రద్ధగా విన్నాడు.

"మరి మీరంత ఆణ్నే ఉంటరు గద బిడ్డ. మీకేం కాదా?"

"ఏం కాదు బాపు. బస్తాలు చూసి వస్తం, గంతే."

ఆ సమాధానం నాకు అలవాటు. నా గురించి ఆయనకు ఇంకొక బెంగ పెట్టకూడదన్నది అమ్మ పోయిన నాటినుంచి నేను పెట్టుకున్న నియమం. ఆయన కళ్ళలో గర్వం కనిపించింది. ఆ సంతోషంలో గోదాములో బస చేయాల్సిన సంగతి ఎత్తలేకపోయాను.

జూన్ 6, శుక్రవారం

చెప్పలేదు. రేపు బక్రీదు. పండగ ముందు ఎందుకు.

జూన్ 7, శనివారం

హుస్నాబీ పెద్ద గిన్నె నిండా కూర పంపింది. ఆమె మనుమరాలు రిదా కొత్త బట్టల్లో వచ్చి, బాపు దగ్గర ఈదీ, పండగ డబ్బులు, వసూలు చేసుకుని పోయింది.

మధ్యాహ్నం రాజమల్లయ్య వచ్చాడు. భీవండిలో బాపుతో సాంచాల మీద పనిచేసిన మనిషి. ఇప్పుడు ఇక్కడ ఒక రైసు మిల్లులో హమాలీ. ఇద్దరూ వెనుక గదిలో చాలాసేపు మాట్లాడుకున్నారు. పాత స్నేహితుడు రావడం బాపుకు మంచిదే. సాయంత్రం మేం చింతపండు, శానిటైజరు తేవడానికి వెళ్ళాం. నిజానికి ఇంట్లో రెండూ ఉన్నాయి.

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె, అందరూ చేపలు తినే రోజు. సిద్దిపేట మొత్తం చేపల దుకాణాల ముందే ఉన్నట్టుందని భాను చెప్పాడు. అంత గుంపులో నిలబడి వచ్చినందుకు బట్టలు వాకిట్లోనే విప్పించాను. భయం కాదు.

బాపు ఉదయమంతా పాత ధోవతులు చింపి ఏదో కుడుతూ కూర్చున్నాడు. తర్వాత సందు చివర కొత్త ఇల్లు కడుతున్న చోటి నుంచి బకెట్టుతో ఇసుక తెచ్చుకున్నాడు. మొక్కలకేమో అనుకున్నాను. అప్పటినుంచి గది తలుపు దగ్గరగా వేసుకుని ఉన్నాడు. సర్దుతున్నాను, తర్వాత చూపిస్తా అన్నాడు. పిల్లవాడిలా ఉంది ఆయన వాలకం.

అన్నం సగమే తిన్నాడు. మధ్యాహ్నం నుంచి ఇల్లంతా చేపల వాసన. వెల్లుల్లి కాస్త ఎక్కువే నూరినట్టున్నాను.

జూన్ 9, సోమవారం

ఉదయం నుంచి బాపుకు వాంతులు. తలనొప్పి, ఒళ్ళు తూలుడు. చేపలు పడలేదని ఆయన అంటున్నాడు. అవే చేపలు తిన్న మేం బాగానే ఉన్నాం.

దగ్గు కూడా ఉంది. ఛాతీ పట్టేసినట్టుందని చెయ్యి పెట్టి చూపించాడు. నా మనసు ఎక్కడికి పోయిందో రాయనవసరం లేదు. పరీక్ష చేయించేదాకా ఆ గదిలోనే ఉండమని, బయటికి రావద్దని చెప్పాను. ఇది భయం కాదు, ముందు జాగ్రత్త. మాస్కు పెట్టుకుని, గడప ఇవతలినుంచే ఓఆర్ఎస్ నీళ్ళూ వేలి పరికరమూ అందించి, తలుపు వేశాను. ఆయన మారుమాట్లాడకుండా తలూపాడు. భానును కాలేజీకి పంపి నేను సగం రోజు సెలవు పెట్టాను.

ఇల్లు కడిగాను. చేపల వాసన పోవడం లేదు.

జూన్ 10, మంగళవారం, ఆసుపత్రి వరండా

వరుసగా రాస్తాను. వరుసగా రాస్తే చేతులు నిలకడగా ఉంటాయి.

నిన్న మధ్యాహ్నం గంజి గిన్నె తీసుకెళ్ళి తలుపు కొద్దిగా తీశాను. గిన్నె కింద పెట్టడానికి వంగినప్పుడు గడప మీద చీమలు కనిపించాయి. వరుసలోనే ఉన్నాయి, కదలడం లేదు. గోడ వెంట బొద్దింకలు వెల్లకిలా పడి ఉన్నాయి. కిటికీ కింద ఒక బల్లి. చచ్చిన పురుగులను చూసి వాటిని ఏది చంపిందో చెప్పడమే నా చదువు. ఆ తర్వాతే వాసన వాసనలా తెలిసింది. వెల్లుల్లి, కుళ్ళిన చేప: పనిలో కొత్తగా చేరినవారికి, గోళీల నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు గురించి నేను చెప్పే పాఠంలో ఉండేవి ఈ రెండు పోలికలే. ఒక రోజంతా ఆ వాసనను నా వంట మీదికి నెట్టాను. ఆయన జబ్బును కరోనా మీదికి నెట్టాను. ఆయనను ఆ గదిలో పెట్టి తలుపు నేనే వేశాను.

బస్తాల మీద నల్లటి ప్లాస్టిక్ కవరు. అంచుల మీద ధోవతి గుడ్డతో కుట్టిన పొడవాటి ఇసుక సంచులు, మూడు వైపులా ఎక్కడా సందు లేకుండా. అంత నీటైన కుట్టు మా గోదాములో లేదు. నాలుగో వైపు కవరు చాలలేదు. అక్కడ దుప్పటి మడిచి కుక్కాడు. ఆ వైపునే ఆయన మంచం, ఆయన తల.

పీల్చే గాలిని శుభ్రపరిచే ముసుగు లేకుండా అటువంటి చోట అడుగు పెట్టకూడదని అందరికీ చెప్పేది నేనే. నా ముసుగు గోదాము అలమరాలో ఉంది. దాన్ని బాపు ఎన్నడూ చూడలేదు. ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటే ఏమీ ఉపయోగం లేదనీ నాకు తెలుసు. రిదాను తీసుకుని వీధిలోకి పొమ్మని, అంటుకునే వాయువు కాబట్టి ఏ స్విచ్చీ ముట్టవద్దని హుస్నాబీకి కేకవేశాను. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి కిటికీ తోసి, మంచం కోడు పట్టి గుంజాను. గడప దగ్గర మంచం అడ్డం తిరిగింది. ఊపిరి కోసం బయటికి వచ్చేసరికి రిదాను వీధిలో వదిలి హుస్నాబీ తిరిగి వచ్చింది. వద్దన్నాను. "నువ్వొక్కదానివి గుంజుతవా? జరుగు" అని రెండో కోడు పట్టుకుంది.

బాపు పెదవులు నీలంగా ఉన్నాయి. అయినా మంచంతో పాటు బయటికి వస్తూ ఆయన చేయి చాచి కవరు వైపు చూపించాడు.

"కవరు తియ్యకు బిడ్డ. ఇంక చావలేదు అవి."

అంబులెన్సులో అంతా చెప్పాడు, ఆగి ఆగి. గోళీలు రాజమల్లయ్యను అడిగి తెప్పించుకున్నాడు. నాకు చూపించి ఆశ్చర్యపరచాలనుకున్నాడు. నువ్వు రోజూ వాటి నడుమనే ఉండి వస్తవు గద, నాకేమైతది అనుకున్న, అన్నాడు.

దీనికి విరుగుడు లేదు. ఆ మాట డాక్టరు నాకు చెప్పనవసరం లేకపోయింది. నేనే ఆయనకు చెప్పాను. గుండె తట్టుకోవాలి, అంతే. తట్టుకుంటుందో లేదో తెలియడానికి సమయం పడుతుంది.

సాయంత్రం మా గోదాము నుంచి కర్ణాకర్, మరొకరు ముసుగులతో, గాలిని కొలిచే పరికరంతో వెళ్ళి కవరు తీసి, గోళీల బూడిద జాగ్రత్తగా తీసుకుపోయారు. రెండు వాటాల తలుపులూ బార్లా తెరిచి ఉంచారు. మా గోడకు అవతలే రిదా పడుకుంటుంది. ఆ పిల్లను, హుస్నాబీని కూడా పరీక్షించారు. వారికి ఏమీ లేదు. ఈ వాక్యాన్ని మళ్ళీ రాసుకుంటున్నాను. వారికి ఏమీ లేదు.

జూన్ 11, బుధవారం

రక్తపోటు నిలబడటం లేదు.

జూన్ 11, సాయంత్రం

అలాగే ఉంది. భాను బలవంతంగా టీ తాగించాడు. రాజమల్లయ్య గేటు దాకా వచ్చి లోపలికి రాలేక వెనుదిరిగాడట. పోయి పిలుచుకురమ్మని భానును పంపాను. దొరకలేదు.

ఆయనకు గోళీలు ఇచ్చింది ఆ మనిషి. వాటివల్ల ఏమీ కాదని చెప్పింది నేను.

జూన్ 12, గురువారం

బడులు తెరిచారు. రిదాను బడిలో దింపి, హుస్నాబీ అన్నం డబ్బాతో వచ్చింది. నా పక్కన బల్ల మీద కూర్చుని, నేను తినేదాకా మూత పట్టుకునే ఉంది.

"గట్టోడు మీ బాపు. కిరాయి పెంచుతనని నా మీద ఒట్టుపెట్టుకున్న మనిషి, పెంచకుండ పోతడా?" అన్నది. నవ్వబోయి ఏడ్చాను. ఆమె నా వీపు నిమిరి, కొంతసేపటికి గొంతు తగ్గించి ఇంకొక సంగతి చెప్పింది. బస్తాలు దిగిన రోజు తాను కూడా ఆయన్ని ఎగతాళి చేసిందట, అన్నా నీ పొట్ట ఎంత, ఈ బియ్యమెంత అని. దానికి ఆయన ఇచ్చిన జవాబు ఆమె నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"నా కోసం గాదు ఆపా. గీసారి ఏమొచ్చినా నా బిడ్డను గడప దాటనియ్య."

నేను డబ్బా మూత పెట్టేశాను. ఆమెకు గోదాము సంగతి తెలియదు. బాపుకూ తెలియదు. రేపు, రేపు అని నేను రాసుకున్న పేజీలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి.

జూన్ 14, శనివారం

నిన్న రాత్రికి రక్తపోటు నిలబడింది. ఈ ఉదయం ఆక్సిజన్ తగ్గించారు. గండం గడిచినట్టేనని డాక్టరు అన్నారు. "గడిచినట్టే" అన్న మాటలో ఎంత మేరకు నమ్మాలో అడిగాను. ఆయన నవ్వి, చాలా మేరకు అన్నారు.

బాపు కళ్ళు తెరిచి మొదట అడిగింది బియ్యం ఆగమైనయా అని. కాలేదు, గాలికి ఆరబోశాక తినడానికి పనికొస్తాయని చెప్పాను. పురుగులు? చచ్చాయి అన్నాను. ఒక్కటి కూడా లేదా అని మళ్ళీ అడిగి, లేదంటే, "అయితె పని మంచిగనే చేసిన" అన్నాడు. నీరసంగా ఉన్నా ఆ గొంతులో కొంటెతనం ఉంది. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే రోజు సుఖంగా గడిచిపోతుంది.

చెప్పాను. ఆ గోళీల నుంచి వచ్చేది మనిషినీ చంపుతుందని. నేను ముఖానికి ముసుగు లేకుండా దాని దగ్గరికి ఎన్నడూ పోలేదని. బస్తాలు చూసి వస్తానన్నది సగం మాటేనని. ఆయన కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని, మిగిలినదీ చెప్పాను. లాక్‌డౌన్ వస్తే అందరూ ఇంట్లో ఉంటారు, నేను ఉండను. గోదాము మూయరు. నేను రోజూ పోవాలి. ఒక్కోసారి రాత్రుళ్ళు కూడా అక్కడే ఉండాలి.

ఆయన సెలైను గొట్టం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఎప్పటి సంది ఎరుక నీకు?"

"నువ్వు బియ్యం తెచ్చినంక, రొండు మూడు దినాలకు."

"మరి గిన్ని బియ్యం ఎవలకోసం తెచ్చిన నేను?"

ఉద్యోగం మానేస్తానని అనలేదు. అనాలనిపించిన మాట నిజమే. అది కూడా ఆయన్ని నిద్రపుచ్చడానికి చెప్పే మాటే అవుతుంది. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

జూన్ 15, ఆదివారం

మాట్లాడటం లేదు. భానుతో మాట్లాడుతున్నాడు. నర్సుతో మాట్లాడుతున్నాడు.

జూన్ 18, బుధవారం

ఇంటికి తెచ్చుకున్నాం. ఆయన మంచం హాల్లో వేశాం. వెనుక గది వైపు ఒకసారి చూశాడు, పోలేదు. హుస్నాబీ తన బస్తాలు తీసుకెళ్ళింది. మిగతావి ఏం చేయాలో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

వాంతులు లేవు. కొంచెం నడిస్తే ఆయాసం వస్తోంది. వేలి పరికరం చూపించే అంకెను నేను పదేపదే చూడకుండా ఉండడానికి దాన్ని భాను దాచేశాడు.

జూన్ 20, శుక్రవారం

ఎక్కడా లాక్‌డౌన్ ఊసు లేదు. కేసులు తగ్గుముఖం పట్టాయని టీవీలో చెబుతుంటే బాపు చానల్ మార్చాడు. మమ్మల్ని బస గురించి కూడా ఎవరూ మళ్ళీ అడగలేదు. నిజానికి ఏమీ రాలేదు. మా ఇంటికి వచ్చింది ఒక్కటే, దాన్ని మేమే తెచ్చుకున్నాం.

సాయంత్రం రాజమల్లయ్యను భాను వెతికి పట్టుకొచ్చాడు. అతను గుమ్మం అవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మని పిలిచింది బాపే. "నువ్వెందుకేడుస్తవ్‌రా. నాకు జెప్పనోళ్ళున్నరు ఇంట్ల" అన్నాడు, నా వైపు చూడకుండా. ఆ మాట నాకే. ఆరు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. అంతవరకైనా సంతోషంగానే ఉంది.

జూన్ 22, ఆదివారం

రేపటినుంచి పనికి వెళ్తున్నానని మధ్యాహ్నం చెప్పాను. రేపటికి వాయిదా వేయకుండా, అన్నం వడ్డిస్తూనే చెప్పాను. ఏం పని ఉందని అడిగాడు. కొత్తగా వచ్చిన ధాన్యం మెట్టుకు గోళీలు పెట్టాలని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. భాను నా వైపు కంగారుగా చూశాడు. బాపు అన్నం కలుపుకుంటూ, ఆ ముసుగేదో తనకు చూపించమన్నాడు.

కర్ణాకర్‌కు ఫోన్ చేశాను. సాయంత్రం అతను దాన్ని ఇంటికి తెచ్చి ఇచ్చిపోయాడు.

జూన్ 23, సోమవారం

ఆలస్యమవుతుందని తెలిసీ, ఇప్పుడే రాసి వెళ్తున్నాను.

బయలుదేరే ముందు బాపు ముసుగు చేతిలోకి తీసుకున్నాడు. నేతగాడి వేళ్ళతో రబ్బరు అంచు చుట్టూ తడిమాడు. పట్టీలు లాగి చూశాడు. గాలి ఎక్కడినుంచి వస్తుందో, దాన్ని వడకట్టే డబ్బాలో ఏముంటుందో, ఎప్పుడు మార్చాలో అడిగాడు. అన్నీ చెప్పాను. పెట్టుకొమ్మన్నాడు. పెట్టుకున్నాను.

నన్ను అట్లా చూసి ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ గాజు వెనుక నేను ఆయనకు ఎలా కనిపించానో తెలియదు.

"దీంట్లకెళ్ళి ఊపిరాడుతదా?"

తలూపాను.

"ఏదీ, పీల్చు."

పీల్చాను. ఆయన దగ్గరికి వచ్చి నా వీపు మీద అరచేయి ఆనించాడు. చెవి డబ్బా దగ్గర పెట్టి విన్నాడు.

"ఇంకోపారి."

మళ్ళీ పీల్చి వదిలాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నా ఊపిరి లోపలికి వెళ్ళి తిరిగి బయటికి వచ్చేంతవరకు ఆ చేయి కదలలేదు. మరొకసారి అడుగుతాడేమోనని, అడగకుండానే ఇంకొకసారి పీల్చాను.

అప్పుడు చేయి తీశాడు.

"పో. బస్సు పోతది" అన్నాడు.